“బాగుంది అంకుల్” అంటే నమ్మకండి: మ్యాజిక్ షో అయ్యాక పిల్లల దగ్గర నేర్చుకోవడం ఎలా

ఒక పుట్టినరోజు ఫంక్షన్‌లో షో అయిపోయి సామాను సర్దుకుంటుంటే ఆరేళ్ల పాప ఒకతి కేకు ప్లేటుతో వచ్చి పక్కన నిలబడింది. కాసేపు నన్ను, కాసేపు నా పెట్టెను చూసి, “అంకుల్, కుందేలు ఎక్కడుందో మీకు ముందే తెలుసు కదా, మరి తెలీనట్టు అంతసేపు ఎందుకు వెతికారు?” అంది. నేను నోరు తెరిచేలోపు వాళ్లమ్మ వచ్చి, “అంకుల్‌కి థాంక్యూ చెప్పమ్మా, చాలా బాగుందని చెప్పు” అంది. పాప బుద్ధిగా “చాలా బాగుంది అంకుల్” అనేసి వెళ్లిపోయింది.

రెండు మాటలు చెప్పింది కదా, అందులో రెండోది ఆ పాపది కాదు, వాళ్లమ్మది. మొదటిది మాత్రం నన్ను వారం రోజులు వదల్లేదు, ఎందుకంటే ఆ పాప ట్రిక్కు రహస్యం అడగలేదు, నా నటన బాలేదని చెప్పింది. చెక్క కుందేలు మాయమయ్యాక నేను బల్ల కింద, టోపీలో, ముందు వరసలో కూర్చున్నవాడి జేబులో వెతుకుతూ రెండు నిమిషాలు లాగేవాణ్ణి. పెద్దవాళ్లు నవ్వేవాళ్లు. ఆ నవ్వు విని పిల్లలకీ నచ్చుతోందనుకుని ఐదేళ్లు అలాగే లాగాను.

నేను ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాల్లో మ్యాజిక్ చేసే రకం. పుట్టినరోజులు, స్కూలు వార్షికోత్సవాలు, నవంబర్ 14 వస్తే రోజుకి రెండు మూడు షోలు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు “ఏ ఐటెం కొనమంటారు?” అని అడుగుతుంటారు. ఏమీ కొనకండి, ఉన్నవాటితోనే పది షోలు చేసి ప్రతి షో తర్వాత పిల్లలేమంటున్నారో వినండి, కొనడం సంగతి తర్వాత చూద్దాం అంటాను. అలా వినడం ఎలాగో, విన్నదాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలిసినంత రాస్తున్నాను. ట్రిక్కుల రహస్యాలు మాత్రం చెప్పను, వాటికోసం వచ్చినవాళ్లు ఇక్కడే దిగిపోవచ్చు.

ముందు చప్పట్లను లెక్కలోంచి తీసేయండి

స్కూల్లో చప్పట్లు మీకు కాదు, పీఈటీ సారుకి. ఆయన చెయ్యెత్తితే మొదలవుతాయి, దించితే ఆగుతాయి. పుట్టినరోజు పార్టీలో అయితే వీడియో తీస్తున్న బాబాయిలు కొడతారు. పిల్లలకి నిజంగా ఆశ్చర్యం వేస్తే చప్పట్లు గుర్తుకే రావు. నోరు తెరుచుకుని పక్కవాడి మొహం చూస్తారు, లేదంటే లేచి నిలబడతారు, లేదంటే “ఏయ్!” అని అరుస్తారు. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఆ అరుపు ఏ క్షణంలో వచ్చిందీ అన్నది.

“బాగుందా?” అనే ప్రశ్న కూడా దండగే. ఇంటికొచ్చిన చుట్టాన్ని కాఫీ బాగుందా అని అడిగితే బాలేదంటారా ఎవరైనా! “ఏ ట్రిక్కు నచ్చింది?” అనేది కాస్త నయం గానీ దానికి ఎక్కువమంది ఆఖర్న చూసినదాని పేరు చెప్తారు, లేదా ముందువాడు ఏదంటే అదంటారు. ఒకసారి పన్నెండుమందిని వరసగా నిలబెట్టి అడిగితే పన్నెండుమందీ “పావురం” అన్నారు. నా షోలో పావురమే లేదు. మొదటివాడు ఇంకెక్కడో చూసిన షో గుర్తుచేసుకుని అన్నాడు, మిగతా పదకొండుమందీ వాడి వెనకే పోయారు.

మరి ఏం అడగాలి?

“మీ తమ్ముడు ఈ షో చూడలేదనుకో, ఇంటికెళ్లి వాడికి ఏం చెప్తావ్?”

నా మటుకు నాకు ఈ ఒక్క ప్రశ్న చాలు. తమ్ముడు లేకపోతే చెల్లి, ఎవరూ లేకపోతే అమ్మమ్మ. ఈ ప్రశ్నలో తప్పొప్పులు లేవు, మెచ్చుకోవాల్సిన అవసరం లేదు, పిల్లలు తమకి గుర్తున్నదే తమ వరసలో చెప్పుకుపోతారు, మీరు నోరు మూసుకుని వినాలి. నోరు మూసుకోవడమే కష్టం. “కాదమ్మా, దానికంటే ముందు నేను రుమాలు చూపించాను కదా” అని సర్దబుద్ధి అవుతుంది. సర్దారంటే పని చెడినట్టే, రుమాలు చూపించడం వాళ్లకి గుర్తులేదన్న సంగతే కదా మీకు కావాల్సింది. ప్రశ్న అడిగాక వెంటనే జవాబు రాకపోతే మనసులో పది లెక్కపెట్టండి, ఏడో ఎనిమిదో అంకె దగ్గర మొదలుపెడతారు.

నలుగురిని అడిగితే చాలు. ముందు వరసలోంచి ఒకరు, వెనక గోడ దగ్గర కూర్చున్నవాళ్లలో ఒకరు, షో అంతా మాట్లాడకుండా కూర్చున్నవాళ్లు ఒకరు, మధ్యలో లేచి వెళ్లినవాళ్లు ఒకరు. బాగా అల్లరి చేసినవాణ్ణి మీరు వెతకక్కర్లేదు, వాడే వస్తాడు. విడివిడిగా అడగండి, లేకపోతే పావురాలు ఎగురుతాయి. కింద కూర్చుని వాళ్ల ఎత్తులో మాట్లాడండి, అమ్మో టీచరో చూస్తూ ఉండేచోటే అడగండి, పక్క గదిలోకి పిలవకండి. చాక్లెట్లు పంచకముందు అడగాలి, పంచాక మీరు కనపడరు.

ఇలా చెప్పించుకుంటే ఏం తేలుతుందో ఒక ఉదాహరణ. బొమ్మల పుస్తకం ట్రిక్కు ఉంది కదా, ముందు ఖాళీ పేజీలు, తర్వాత గీతల బొమ్మలు, తర్వాత రంగులు. దాని గురించి ఐదేళ్ల పిల్ల చెప్పింది: “పుస్తకంలో ఏం లేదు. బొమ్మలొచ్చాయి. మేం రంగులు విసిరాం, రంగులొచ్చాయి.” మూడు ముక్కల్లో ట్రిక్కంతా వచ్చేసింది, “మేం విసిరాం” అన్నది కూడా ఉంది. అదే షోలో పేక ముక్కల ఐటెం గురించి వాళ్లన్నయ్య చెప్పింది ఇది: “ఒక అక్క కార్డు తీసింది, అంకుల్ ఏదో లెక్కపెట్టారు, తర్వాత అక్క నవ్వింది.” వాడు అబద్ధం చెప్పలేదు. వాడికి కనిపించింది అంతే. నేను నెలల తరబడి ప్రాక్టీస్ చేసిన ఐటెం వాడి లెక్కలో ఒక అక్క నవ్వడం.

అప్పుడు అర్థమైంది, చాలామంది చిన్నపిల్లలకి ఆఠీను, కళావరు, ఇస్పేటు తేడా తెలీదు, తీసిన ముక్క ఏదో గుర్తుండదు, గుర్తులేని ముక్క దొరికితే వింతేముంటుంది? పైగా మన ఇళ్లలో పేక ముక్కలంటే పేకాట, ఒక బడిలో హెడ్మాస్టరు గారు స్టేజీ మీద వాటిని చూసి మొహం మాడ్చుకున్నారు కూడా. ఇప్పుడు అట్ట ముక్కల మీద మామిడికాయ, చిలక, ఆటో, గొడుగు బొమ్మలు వేయించుకుని అదే ఐటెం చేస్తున్నాను. “చిలక పోయింది, మళ్లీ అక్క జడలో దొరికింది” అని చెప్తున్నారు.

తప్పుగా చెప్తే కంగారు పడకండి. “అంకుల్ బంతి పైకి విసిరితే ఫ్యాను దాకా వెళ్లి మాయమైంది” అని ఒకడు చెప్తే, అది జరగలేదని మీకు తెలుసు, కానీ వాడు చూశాడు. 1900లోనే నార్మన్ ట్రిప్లెట్ అనే అమెరికన్ సైకాలజిస్టు పిల్లల ముందు ఇది చేసి చూశాడు: బంతిని రెండుసార్లు నిజంగా పైకి విసిరి పట్టుకుని, మూడోసారి విసిరినట్టు చెయ్యి మాత్రం ఊపాడు, అయినా దాదాపు సగంమంది పిల్లలు బంతి పైకి పోవడం చూశామన్నారు. (ఇది సైకాలజీ పుస్తకాలకెక్కిన ప్రయోగం, రహస్యం బయటపెట్టానని నా మీద పడకండి.) కాబట్టి పిల్లలు లేనిది కలిపి చెప్తే ఆ ఐటెం పండినట్టు, ఉన్నది వదిలేసి చెప్తే ఆ వదిలేసిన చోటే మీకు పని ఉన్నట్టు.

వయసు పక్కన రాసుకోకపోతే మాటకి విలువ లేదు

“మళ్లీ చెయ్యండి!” అన్న మాటే తీసుకోండి. ఐదేళ్లవాడు అంటే నచ్చి అన్నాడు, అదే పాట మళ్లీ పెట్టమన్నట్టు. తొమ్మిదేళ్లవాడు అంటే “ఈసారి పట్టుకుంటా” అని అర్థం. మొదటిదానికి మురిసిపోవచ్చు, రెండోదానికి జాగ్రత్తపడాలి.

మూడు నాలుగేళ్లవాళ్ల దగ్గర మాటల కోసం చూడకండి. వాళ్లకి లోకంలో ఏది జరుగుతుందో ఏది జరగదో ఇంకా తేలలేదు. స్విచ్ వేస్తే లైటు వెలుగుతోంది, ఫోన్ నొక్కితే అందులో అమ్మమ్మ మాట్లాడుతోంది, మరి ఖాళీ గిన్నెలోంచి చాక్లెట్లు వస్తే అందులో మీ గొప్పేంటి? వాళ్లు మీకు చెప్పేదల్లా ఏది భయమేసిందన్నదే. బెలూన్ పగిలినప్పుడు ఒళ్లో దూరారా, మైకు కీచుమంటే చెవులు మూసుకున్నారా, మీరు వంగి మొహం దగ్గర పెడితే వెనక్కి జరిగారా. ఒక అంగన్‌వాడీలో షో మొదలైన రెండు నిమిషాలకే ఇద్దరు ఏడుపు అందుకున్నారు, నా నల్లకోటు, టోపీ చూసి. తర్వాతిసారి మామూలు చొక్కాతో వెళ్లి చాప మీద కూర్చుని చేశాను. ఎవరూ ఏడవలేదు, కాకపోతే ఒకడు వచ్చి నా ఒళ్లో కూర్చున్నాడు, దానివల్ల సగం ఐటెమ్స్ చెయ్యలేకపోయాను.

ఐదు నుంచి ఏడు దాకా బంగారం లాంటి వయసు, మనసులో ఏముంటే అది అనేస్తారు. పదకొండు దాటినవాళ్లు “ఇది యూట్యూబ్‌లో చూశా” అంటారు, దానికి చిన్నబుచ్చుకోకండి, “ఏది బాగా చేశారు, వాళ్లా నేనా?” అని నవ్వుతూ అడగండి, మొహం మీదే చెప్తారు. ఆ వయసువాళ్లు “ఎన్నాళ్లు ప్రాక్టీస్ చేశారు?” అని అడిగితే మాత్రం ఆ రోజు మీరు బాగా చేశారని అర్థం.

“నాకు తెలుసు!” అనేవాళ్లు

ఇక మిగిలింది ఎనిమిది, తొమ్మిది, పదేళ్లవాళ్లు. కొత్త మెజీషియన్లకి టెన్షన్ అంతా వీళ్లతోనే. “నాకు తెలుసు, ఇంకో చేతిలో ఉంది!” “జేబులో వేశారు, నేను చూశా!” అని షో మధ్యలో అరుస్తారు.

నాకు చాలా ఆలస్యంగా తెలిసిందేమిటంటే, వాడి ఊహ తప్పా ఒప్పా అనేది అసలు విషయం కాదు. బంతి జేబులో లేకపోయినా సరే, జేబులో ఉందని వాడికి అనిపించిన క్షణంలోనే వాడికి జవాబు దొరికిపోయింది, ఇక ఆశ్చర్యం లేదు, పక్కనున్న నలుగురికీ లేదు. మీరు జేబు తీసి చూపిస్తే వాడు ఓడిపోతాడు తప్ప పోయిన ఆశ్చర్యం తిరిగి రాదు. అందుకే “వాడు కనిపెట్టలేదులే” అని సంబరపడకుండా, వాడికి అనుమానం ఎందుకు అక్కడికే వెళ్లిందో చూసుకోవాలి. నా విషయంలో పదిసార్లకి ఎనిమిదిసార్లు కారణం ఒక్కటే: ఆ సమయంలో నేనే ఆ చేతి వంక చూశాను, లేదా మాట్లాడుతున్నవాణ్ణి మాట ఆపేశాను. పిల్లలు మీ మాట వింటున్నంతసేపు మీ మొహం చూస్తారు, మాట ఆగితే చేతులు చూస్తారు. మరమ్మతు చెయ్యాల్సింది చేతికి కాదు, మాటకి.

షో అయ్యాక వాడే వస్తాడన్నాను కదా, వచ్చినప్పుడు “కాదు, తప్పు” అని పంపేయకండి. “సరే, నువ్వే మెజీషియన్ అయితే ఎలా చేస్తావ్?” అని అడగండి. అవునని గానీ కాదని గానీ అనకుండా మొత్తం విని, ఎక్కడ నుంచి అనుమానం మొదలైందో అడగండి. “మీరు మంత్రదండం తీసుకోడానికి పెట్టె వైపు తిరిగారు కదా, అప్పుడు” అని సెకన్లతో సహా చెప్తారు. ఇంత ఓపిగ్గా చూసేవాళ్లు పెద్దవాళ్లలో దొరకరు. ఇద్దరు ముగ్గురు చెప్పిన పద్ధతులు నా పద్ధతికంటే బాగున్నాయి కూడా, ఒకటి వాడుకుంటున్నాను, ఏదో చెప్పను.

ఇదే వయసువాళ్ల నుంచి ఇంకో మాట కూడా విన్నాను. పిల్లలు పట్టేశామనుకుని “వెనక్కి తిప్పండి! వెనక్కి తిప్పండి!” అని గోల చేస్తే, చివర్లో తిప్పి చూపించి వాళ్లది తప్పని తేల్చే ఐటెమ్స్ ఉంటాయి కదా, గోల బాగా వస్తుందని నేను ఒకే షోలో మూడు పెట్టేవాణ్ణి. ఒక ఎనిమిదేళ్ల అమ్మాయి, “మీరు మమ్మల్ని ఊరికే వెర్రివాళ్లని చేశారు” అంది. కోపంగా కాదు, మామూలుగా, లెక్క తేల్చినట్టు. ఆ తర్వాత మూడింటిలో రెండు తీసేశాను, ఉన్నదాన్ని కూడా పిల్లలు మంత్రం వేస్తే మారినట్టు, నేనే తెల్లబోయినట్టు మార్చాను. గోల తగ్గలేదు, ఆఖర్న మొహాలు మాత్రం వేరేగా ఉంటున్నాయి.

స్టేజీ మీదకొచ్చిన బిడ్డ

హెల్పర్‌గా వచ్చిన పిల్లల్ని తప్పకుండా విడిగా పలకరించండి. దీని మీద నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మోచేతి దగ్గర గరాటు పెట్టి, చెయ్యి పంపులా ఆడిస్తే నీళ్లు కారే ఐటెం పాతకాలం నుంచీ ఉంది. దానికి నేను “ఇన్ని నీళ్లా! రాత్రి పక్క తడుపుతావా ఏంటి?” అని ఒక జోకు తగిలించేవాణ్ణి, హాలంతా ఘొల్లుమనేది. ఒక స్కూల్లో షో అయ్యాక హెల్పర్ బాబు కోసం చూస్తే కనపడలేదు, మెట్ల కింద ఉన్నాడు. ఏమైందంటే ఏమీ చెప్పలేదు. పక్కనున్నవాడు చెప్పాడు: “క్లాసులో అందరూ వాణ్ణి పక్క తడుపుడుగాడు అంటున్నారు సార్.” నేను పదిహేను సెకన్లు నవ్వించి వెళ్లిపోతాను, వాడు ఆ పేరుతో సంవత్సరమంతా ఆ క్లాసులో కూర్చోవాలి. వాళ్ల క్లాసుకి వెళ్లి అందరి ముందూ సారీ చెప్పాను, అది సరిపోయిందని అనుకోను. ఇప్పుడు ఆ గరాటు నా మోచేతి దగ్గరే పెట్టుకుంటాను, పంపు కొట్టేది బాబు.

ఇంకో పాప దగ్గర రిబ్బన్ అడిగి తీసుకుని, కత్తిరించి, మళ్లీ అతికి ఉన్నట్టు ఇచ్చాను. తీసుకుని అటూ ఇటూ తిప్పి “ఇది నాదేనా, కొత్తదా?” అంది. మూడో రోజు వాళ్లమ్మ చెప్పారు, ఆ రిబ్బన్ కట్టుకోనంటోందట, తనది మెజీషియన్ అంకుల్ కోసేశారట. ఏదైనా పాడుచేసినట్టు చూపిస్తే అది బాగైందని పిల్లలకి గట్టిగా తెలియాలి, మన నవ్వుమొహం సరిపోదు. పెద్దవాళ్లకే సరిపోలేదు. 1956 ఏప్రిల్‌లో బీబీసీ టీవీ పనోరమా కార్యక్రమంలో మన దేశపు పేరున్న మెజీషియన్ పి.సి.సర్కార్ ఒక అమ్మాయిని రంపంతో రెండుగా కోసే ఐటెం చేస్తే, ఆ అమ్మాయి లేచి కనపడకముందే కార్యక్రమం ముగిసిపోయింది, ఆమె చనిపోయిందేమోనని బీబీసీకి ఫోన్లే ఫోన్లు. ఇప్పుడు రిబ్బన్ ఎవరిదైతే వాళ్లచేతే ముందు స్కెచ్ పెన్నుతో పేరు రాయిస్తున్నాను, చివర్లో వాళ్లే చదువుతారు.

నోటితో చెప్పనివి

షో జరుగుతున్నప్పుడు అన్నీ గమనించడం కుదరదు. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి బల్ల మీద పెట్టండి, వీడియో అక్కర్లేదు (పిల్లల మొహాలు తీయాలంటే తల్లిదండ్రుల్ని, స్కూలువాళ్లని అడగాలి, ఆ తలనొప్పి దేనికి). ఇంటికొచ్చి వింటే ఎక్కడ గోల, ఎక్కడ నిశ్శబ్దం, ఎక్కడ గుసగుస అన్నది తెలిసిపోతుంది. ఊపిరి బిగబట్టిన నిశ్శబ్దం వేరు, విసుగు నిశ్శబ్దం వేరు, విసుగైతే వెనకాల కుర్చీలు కిర్రుమంటుంటాయి, “టీచర్, వాటర్” అని వినిపిస్తుంది. నా షోలో అది సరిగ్గా కుందేలు వెతికే చోట వినిపించింది. రెండు నిమిషాలున్న ఆ వెతుకులాటని ఇరవై సెకన్లకి కోసేశాను. పెద్దవాళ్ల నవ్వు తగ్గింది, “టీచర్, వాటర్” పోయింది.

స్కూల్లో అయితే డ్రాయింగ్ టీచర్‌ని బతిమాలుకోండి, మర్నాడు క్లాసులో “నిన్నటి షోలో గుర్తున్నది గియ్యండి” అనమనండి. ఒకసారి అలా వచ్చిన నలభై చిల్లర బొమ్మల్లో నేను మూలన చీమంత ఉన్నాను. మధ్యలో పేద్దగా కిరీటం పెట్టుకుని హెల్పర్‌గా వచ్చిన వాళ్ల క్లాసు పిల్లాడు. అందరూ గీసిన రెండోది లోటా. నేను ఐటెం ఐటెంకీ మధ్య లోటాలోంచి నీళ్లు ఒంపేసి పక్కన పెడతాను, కాసేపయ్యాక మళ్లీ ఒంపితే మళ్లీ నీళ్లొస్తాయి. సర్కార్ “వాటర్ ఆఫ్ ఇండియా” అని షో పొడుగునా చేసేవారు, అదే. నాకది సామాను మార్చుకోడానికి దొరికే సందు మాత్రమే, దాన్ని ఐటెం అని కూడా అనుకోలేదు. పిల్లలకి అదే షో.

యాస, మాట కూడా చూసుకోండి. వరంగల్ వైపు ఒక బడిలో ఖాళీ సంచిలోంచి కాగితపు ఆకుల కట్ట తీసి “గోంగూర!” అన్నాను, “గది పుంటికూర సార్” అని సరిచేశారు, ఆ తర్వాత ఐదు నిమిషాలు ఏది తీసినా దాని పేరు వాళ్లే చెప్పారు. అది నచ్చి ఇప్పుడు ఎక్కడికెళ్లినా తీసినదాని పేరు నేను చెప్పకుండా వాళ్లనే చెప్పనిస్తున్నాను. సెలవులకి అమెరికా నుంచి వచ్చిన పిల్లలుంటే పొడుపు కథలు దండగ, తెలుగు అర్థమైనా అంత వేగంగా అందుకోలేరు, చేత్తో చేసే అల్లరి పెంచుకోండి.

మూడో రోజున పిలిచినవాళ్లకి ఒక ఫోన్ చెయ్యండి. “పిల్లలు ఇంకా దేని గురించి మాట్లాడుతున్నారు? ఏదైనా చేసి చూస్తున్నారా?” ఈ రెండే అడగండి. రెండోది మరీ ముఖ్యం. ఒకావిడ చెప్పారు, వాళ్లబ్బాయి చెవిలోంచి రూపాయి తీస్తానని ముందు చెవిలో పెట్టుకోబోయాడట. ఆ రోజు నుంచి చెవి మానేసి చొక్కా కాలర్ వెనక నుంచి తీస్తున్నాను. నోట్లో పెట్టుకునేవి, నిప్పు, బ్లేడు పిల్లల షోలో పూర్తిగా మానేశాను.

ఎలాగూ చేసి చూస్తారు కాబట్టి చెయ్యదగ్గది ఒకటి మీరే ఇచ్చి పంపండి. తెల్ల కాగితానికి పసుపు నీళ్లు పూసి ఆరబెట్టి ముక్కలు చేసి పంచుతాను. సబ్బు నీళ్లలో ముంచిన పుల్లతో దాని మీద రాస్తే అక్షరాలు ఎర్రగా వస్తాయి. సున్నం అయితే రంగు ఇంకా బాగుంటుంది గానీ కంట్లో పడితే ప్రమాదం, సబ్బే చెప్పండి. ఒక పాప ఫోన్‌లో “నిమ్మకాయ పిండితే పోయింది అంకుల్, మీకు తెలుసా?” అంది. ఆమ్లం తగిలితే ఎరుపు పోయి మళ్లీ పసుపవుతుందని సైన్సు పుస్తకంలో చదివిందే, షోకి పనికొస్తుందని మాత్రం నాకు తట్టలేదు. ఇప్పుడు రాయడం, చెరపడం రెండూ కలిపి ఐటెం చేశాను.

రాసుకోవడం, మార్చడం

బండి మీద సామాను కట్టకముందే రాసుకోండి, ఇంటికెళ్లి రాద్దామంటే సగం మర్చిపోతారు, మిగతా సగం మీకు నచ్చినట్టు గుర్తుంటుంది. నోటుబుక్‌లో ఎడమ పేజీలో పిల్లల మాట అచ్చం వాళ్లన్నట్టే, పక్కన వయసు, ఏ ఐటెం. కుడి పేజీలో మీ ఊహ. రెండూ కలపకండి. “బోర్ కొట్టింది” అని మీరు రాస్తే అది మీ మాట, “ఆ తాడు ఎప్పుడైపోతుంది అంకుల్” అన్నది వాళ్ల మాట.

ఒక షోకి ఒక్క మార్పే చెయ్యండి. నేను ఒకసారి ఉత్సాహం కొద్దీ నాలుగు మార్చి, షో పాడైతే దేనివల్లో తెలుసుకోలేకపోయాను. మార్చినదాన్ని మూడు షోల దాకా కదపకండి, ఎందుకంటే ఒక పార్టీలో పక్కనే డీజే ఉంటుంది, ఒక స్కూల్లో భోజనం బెల్లు ముందు షో పెడతారు, ఆ తప్పు ట్రిక్కుది కాదు. నచ్చలేదు, అర్థం కాలేదు అనే మాటలు రెండు మూడు వేర్వేరు చోట్ల వినపడ్డాకే చెయ్యి పెట్టండి. కానీ భయమేసింది, అవమానమైంది, దెబ్బ తగలబోయింది అన్నవి ఒక్క పిల్లాడు చెప్పినా ఆ సాయంత్రమే మార్చెయ్యాలి, ఇంకో షో దాకా ఆగకూడదు.

అదే స్కూలుకి మళ్లీ వెళ్తే వాళ్ల మాట మీద ఏం మార్చారో వాళ్లకే చెప్పండి, ఈసారి పిలవకుండానే వచ్చి చెప్తారు. డ్రాయింగులు వేయించిన స్కూలుకి ఏడాది తర్వాత వెళ్లి, “మీరందరూ లోటా గీశారు కదా, అందుకే ఈసారి ఎక్కువసార్లు ఒంపుతాను” అని మొదట్లోనే చెప్పాను. షో అయ్యాక ఒక నాలుగో తరగతి పిల్లాడు చేతి మీద పెన్నుతో పెట్టుకున్న గీతలు చూపించాడు.

“ఎనిమిది సార్. పోయినేడు ఏడే. ఒక్కటే పెంచారు.”